పద్నాలుగో బండి విండో

ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సు ఒడ్డున మంచు కురుస్తున్న మధ్యాహ్నం. రోడ్ల మీద మంచు తీసే బండ్లకు రేడియోలో దారి చెప్పే హెల్మి తన ఇంట్లోనే కూర్చుని, లాప్‌టాప్‌లో ఆఫీసు కంప్యూటర్ని తెరుచుకుని పనిచేస్తోంది. కంప్యూటర్లు బాగుచేసే డేల్ ఆఫీసులో ఉన్నాడు. ఫోన్లో మాట్లాడుకుంటున్న ఇద్దరి ముందూ కనబడుతున్నది ఒకటే స్క్రీను.

"మౌస్ వదలండి, హెల్మి ఆంటీ."

"నువ్వు వదులు ముందు. నా మౌస్ అది."

"మౌస్ మీదే. బాణం గుర్తు మాత్రం ఇద్దరిదీ. మీరటు, నేనిటు లాగుతుంటే అది పాపం తాగినవాడిలా తూలుతోంది."

"సరే, వదిలేశా. ఏం చేస్తావో చెయ్యి, డేల్."

"ఏం చేస్తానంటే, ఈ పద్నాలుగో బండి కెమెరా విండోని ఇలా మూలకి పట్టుకెళ్ళి, ఇలా చిన్నది చేసి... అదిగో! మళ్ళీ పెద్దది చేశారు!"

"నేనా? నేను ముట్టుకోనైనా లేదు. దానంతటదే పెరిగింది."

"దానంతటదే పెరగడానికి అదేమన్నా మీ రొట్టెల పిండా, పొంగడానికి?"

"నా రొట్టెల జోలికి రాకు. బడి నుంచి వస్తూ వస్తూ మా వంటింట్లో దూరి తిన్న నోరే కదా అది."

"ఆ విశ్వాసంతోనే ఇంత ఓపిగ్గా చెప్తున్నా. ఇంకొకరయితే మీరు మొన్న చేసిన పనికే ఓ దణ్ణం పెట్టి పోయేవాళ్ళు."

"ఏం చేశానూ?"

"ఏం చేశారా! మీ ఇంట్లో కంప్యూటర్ ఆపుతున్నాననుకుని ఇక్కడ ఆఫీసుది ఆపేశారు. ఆపడం అయితే అక్కణ్ణుంచి ఆపగలరు గానీ లేపలేరుగా! నేను బూట్లేసుకుని, షెడ్డు దగ్గర్నుంచి మంచులో పడి వచ్చి, ఒక్క బటన్ నొక్కి వెళ్ళాను."

"మంచిదే. నడిస్తే ఒళ్ళు తగ్గుతుంది. ఈమధ్య పొట్ట కూడా వచ్చింది నీకు."

"మాట మార్చకండి. ఆఫీసు కంప్యూటర్ని స్క్రీన్ నిండా పరుచుకుంటే మీదేదో మాదేదో తెలీదని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"పరుచుకోకపోతే అక్షరాలు చీమ తలకాయలంత అవుతున్నాయి, నాయనా. అక్కడ మూడు పెద్ద స్క్రీన్ల మీద ఉండేదంతా నాకు ఈ పలకంత దానిలో ఇమడాలి. సాయంత్రం చక్కగా సర్ది పెట్టుకుంటానా, పొద్దున్నే తెరిచేసరికి విండోలన్నీ విడిచిన బట్టల్లా ఓ మూల కుప్పగా పడుంటాయి."

"అందుకేగా నేనున్నది. ఇప్పుడు చూడండి. ఎడంపక్క మ్యాపు. కుడిపక్క పైన మీరు రాసుకునేది, కింద రోడ్డు కెమెరాలు. ఎవరి చోట వాళ్ళు బుద్ధిగా ఉన్నారు. ఈ పద్నాలుగు ఒక్కటే అందరి మీదా కాళ్ళు చాపుకుని పడుకుంది."

"పడుకోనీ. నీకేం అడ్డం?"

"నాకు కాదు, మ్యాపుకి అడ్డం. మొన్న దీని వెనకాలే కదా ఆరో బండి దారి తప్పి గుట్టెక్కి కూర్చుంది! మీకు కనబడనే లేదు. మెర్విన్ ఏమన్నాడో తెలుసుగా?"

"బాసు అన్నాక ఏదో ఒకటి అంటాడు."

"ఈ సాయంత్రంలోగా మ్యాపు మొత్తం కనబడేలా సర్దకపోతే రేపట్నుంచి ఆఫీసుకి వచ్చి పనిచెయ్యమంటాడు."

"నేను రాను."

"ఏం? మా కాఫీ బావుండదనా?"

"కాఫీ ఒకటి. పైగా అక్కడ వచ్చేపోయే ప్రతివాడూ వెనకాల నిలబడి నా స్క్రీన్లోకి తొంగి చూస్తాడు."

"చూస్తే ఏమవుతుంది? చూడకూడనిది ఏముందనీ... ఓహో. ఓహోహో!"

"ఏంటా ఓహోలు?"

"ఇన్ని బండ్లుంటే ఒక్క పద్నాలుగు మీదే ఎందుకింత ప్రేమ? ఎవరు తోలుతున్నారేంటి? ఇక్కడ చూద్దామంటే నంబర్లే ఉన్నాయి, పేర్లు లేవు."

"ఎవరో ఒకరు. స్టీరింగ్ ముందు ఓ మనిషి ఉంటాడుగా."

"ఆ మనిషికి ఓ పేరుంటుందిగా."

"రోజుకొకడు మారుతున్నాడు. నాకేం తెలుసు?"

"ఊరూ పేరూ తెలీని మనిషి బండి సగం స్క్రీన్ మీద! ఆంటీ, మీ మొహం ఎర్రబడింది."

"నీకెలా కనబడిందీ? నేను కెమెరా పెట్టలేదుగా."

"గొంతే చెప్తోంది. పప్పన్నం ఎప్పుడు పెడుతున్నారు?"

"చెంప పగులుద్ది."

"ఫోన్లోంచి చెయ్యి రాదులెండి."

"డేల్. ఆ విండో వదిలెయ్యరా. నవ్వులాటకి కాదు, నిజంగా అడుగుతున్నా."

"కారణం చెప్తే వదులుతా."

"ఎవరికీ చెప్పకూడదు. మెర్విన్‌కి అసలే చెప్పకూడదు."

"ఒట్టు. చెప్పండి."

"ఆ బండి తోలే ఆయనకి షుగరుంది. ఉన్నట్టుండి పడిపోతుంది. పడిపోతున్న సంగతి ఆయనకి తెలీదు, నాకు తెలుస్తుంది. మంచులో రోడ్డు అంచు తెలియడానికి వారన పాతిన కర్రలున్నాయే, బండి ముందు కెమెరాలో అవి మెల్లగా ఓ పక్కకి జరుగుతుంటాయి, అంటే బండి రోడ్డు తప్పుతోందన్నమాట. వెంటనే రేడియోలో కేకేసి గ్లూకోజు మాత్ర నమలమంటా. విండో చిన్నదైతే ఆ కర్రలు నా కంటికి ఆనవు, బాబూ. అదీ సంగతి."

"షుగరా?"

"ఏం, ఇప్పుడు నవ్వవేం?"

"నవ్వే సంగతా ఇది? అలాంటి మనిషిని బండెలా ఎక్కనిచ్చారు? ఎదురుగా స్కూలు బస్సొస్తే?"

"స్కూలు బస్సు తిరిగే రోడ్డు ఆయనకి ఇవ్వను."

"ఇంకో బస్సు, ఇంకో కారు. ఆయన సంగతి? మా నాన్నకీ ఇదే జబ్బు, మీకు తెలుసుగా. మొదటి మంచు పడకముందే నేను బండి తాళాలు లాక్కున్నా. ఎంత రభస చేశాడో! బండి తోలిన చేతులివి, ఊరికే ఉంచితే చచ్చుబడతాయన్నాడు. బతిమాలి, బెదిరించి, అవతలి ఊరి యార్డులో, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఎత్తిపోసే పనికి ఒప్పించా. నాతో సరిగ్గా మాట్లాడ్డం మానేశాడు. మానేస్తే మానేశాడు, మనిషి ఉన్నాడు, అది చాలు నాకు. హలో? ఆంటీ? లైన్లో ఉన్నారా?"

"ఉన్నా."

"ఆయన్ని దిగిపొమ్మని మీరు చెప్పాలి. మీరు చెప్తే వింటాడేమో."

"చెప్పకుండా ఉన్నానా? ఇద్దరు డ్రైవర్లు మానేశారు, కొత్తవాళ్ళు వచ్చేదాకా ఎక్కుతానన్నాడు. నువ్వు చూస్తూ ఉంటే నాకేం కాదన్నాడు. ఇష్టమైన మనిషి అంత మాటంటే నువ్వు కాదనగలవా?"

"అయితే పప్పన్నం మాట నేను ఊరికే అనలేదన్నమాట."

"నోర్ముయ్."

"మూశా. సరే, ఓ పని చేద్దాం. మీ టీవీ పక్కనే ఉందిగా? దాని తీగ తెచ్చి లాప్‌టాప్‌కి తగిలించండి. అది రెండో స్క్రీను అవుతుంది. లాప్‌టాప్ మీద మ్యాపు, టీవీ మీద పద్నాలుగు. మెర్విన్‌కి మ్యాపు దక్కుతుంది, మీకు మనిషి దక్కుతాడు."

"టీవీ మీదా? అంత పెద్దగానా?"

"సినిమా హీరోలా."

"పాడు పిల్లాడా! ఉండు... తగిలించా. ఏదీ? అయ్యో, వచ్చింది! ఒక్కో కర్రా చేతికందేలా ఉందిరా!"

"కానీ ఒక్క మాట. కొత్త డ్రైవరు రాగానే ఆయన దిగాలి. దిగకపోతే నా ఒట్టు తీసి గట్టున పెట్టి మెర్విన్ దగ్గరికి వెళ్తా."

"నేనే దింపుతా. ఇంత పెద్దగా చూస్తుంటే నాకూ భయమేస్తోంది."

"ఇక శబ్దం ఒక్కటే మిగిలింది. రేడియో మాటలు ఇక్కడి కంప్యూటర్లోనే ఆగిపోతున్నాయి. వాటిని మీ టీవీకి మళ్ళిస్తా. సరిగ్గా వస్తోందో లేదో నేనూ ఇక్కడ వింటా."

"శబ్దం వద్దు!"

"ఎందుకూ?"

"చెవిలో వేరే రేడియో ఉంది నాకు, అది చాలు. దాన్ని మాత్రం ముట్టుకోకు, డేల్."

"ఒక్క నొక్కు, అంతే. హీరోకి గొంతు లేకపోతే ఏం బావుంటుంది?"

"వద్దంటుంటే నీకు..."

"హెల్మీ... పద్నాలుగు... పద్నాలుగు మాట్లాడుతోంది..."

"అదిగో! రేడియో గంటలా వినబడుతోంది."

"హెల్మీ, ఒళ్ళంతా చెమట పడుతోంది. కర్రలు రెండేసి కనబడుతున్నాయి."

"పద్నాలుగు, బండి పక్కకి తీసి ఆపు! మాత్రలు తీసి నములు! డేల్, బాబూ, నేను నీకు చెబుదామనే..."

"ఆ గొంతు..."

"డేల్."

"ఆంటీ, ఆ గొంతు మా నాన్నది."

"అవును."

"హెల్మీ... ఏ జేబూ? జేబు దొరకట్లేదు..."

"కోటు ఎడం జేబు! ముందు బండి ఆపు, రెయినో! వినబడుతోందా? రెయినో! నా మాట ఆయనకి ఎక్కట్లేదు డేల్, కర్రలు జరిగిపోతున్నాయి, సరస్సు వైపే జరుగుతున్నాయి..."

"నేను మాట్లాడతా, ఇక్కణ్ణుంచి మైకు కలిపా. నాన్నా! బ్రేకు తొక్కు!"

"ఎవరది?"

"నేను, డేల్‌ని. తొక్కు నాన్నా. ఇంకా తొక్కు. బండి ముందున్న పార మంచుగట్టులో దిగబడితే దిగబడనీ. ఆగిందా?"

"..."

"నాన్నా, ఆగిందా?"

"ఆగింది."

"కోటు ఎడం జేబు. ఉన్నవన్నీ నోట్లో వేసుకో."

"వేసుకున్నా... ఆ యార్డులో ఉండలేక అక్కణ్ణుంచే బండెక్కాన్రా."

"అది తర్వాత. నములు."

"హెల్మిని ఏమీ అనకు. నేనే బతిమాలా."

"నములు, నాన్నా."

"డేల్, అంబులెన్సుకి చెప్పా, బయల్దేరారు. నీతో మాట్లాడ్డానికి కూడా నాకు మొహం చెల్లట్లేదు. నన్ను ఎన్ని మాటలన్నా పడతా. మెర్విన్‌కి చెప్తానంటే చెప్పు..."

"ఆంటీ, ఆ మ్యాపు ఇటివ్వండి. మిగతా బండ్లన్నీ నేను చూసుకుంటా. మీరు ఆయనతో మాట్లాడుతూనే ఉండండి, నా మాట కంటే మీ మాటే వింటాడు."