డ్రైవర్ సీటు

యూనివర్సిటీ క్యాంపస్‌లో, చెట్ల నీడన కారు ఆగి ఉంది. డ్రైవింగ్ నేర్చుకుంటున్న భార్య స్టీరింగ్ మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“మళ్ల ఎర్ర లైటు ఎలిగింది. ఎయిర్‌బ్యాగుదే కదా?”

“గది ఊకెనే ఎలుగుతది. నువ్వు పోనియ్యి.”

“ఊకెనే అయితే సింగపూర్‌ల ఈ బండి అమ్మిన కంపెనోళ్లు నిన్న మెయిల్ ఎందుకు పెట్టిన్రు? దానంతట అదే పేలొచ్చు, జల్ది మార్పించుకోండి అని?”

“గాడ ఉంటే ఫ్రీగా మార్చేటోళ్లు. పొద్దుగాల గీడి షోరూముకు ఫోన్ చేసిన. బయటి దేశం బండికి మా వారంటీ చెల్లదు, ఆ పార్టు మా దగ్గర దొరకది అన్నరు. నన్నేం జెయ్యమంటవ్?”

“అంటే ఇది నా ఛాతీ ముంగట గిట్లనే ఉంటదా?”

“గంత మోజుపడి ఓడల తెప్పించిన. నీ భయానికి షెడ్డుల పెట్టాల్నా? తార్నాక దాకా పోనియ్యి, ఛాయ్ తాగుదాం.”

“నాతోని కాదు. నువ్వే నడుపు.”

ఆమె దిగి తలుపు తెరిచి పట్టుకుంది. పక్క సీట్లోంచి భర్త దిగి చుట్టూ తిరిగి వచ్చాడు. లోపలికి వంగి, స్టీరింగ్ మధ్యలోకి చాలాసేపు చూశాడు.

“కూసో మరి.”

“తార్నాక ఎంత దూరమని... నడుసుకుంటనే పోదాం, పా.”