రెండో బర్గర్

హలో… ఆఁ, పొద్దటి సంది చేస్తున్నది నేనే. నవీనను. రాకేశ్ వాళ్ళ అక్కను.

… గుర్తుపట్టినవా? మంచిది. గుర్తుపట్టే కట్ చేస్తున్నవా మరి?

… మీటింగా? ఎవరితోని? … టీవీ చానలోళ్ళతోని. ఓహో. ఆదివారం వేస్తరా నీ సినిమా?

… అక్కా అనకు. ఇయ్యాల నన్ను అక్కా అనకు వంశీ.

… ఇంట్లనే ఉన్నడు. రాత్రి ఆఫీసుకు పోలే. … నీ ఫోన్ ఎట్ల ఎత్తుతడు? నిన్న హాల్ నుంచి వచ్చి రూంల తలుపేసుకున్నడు. అన్నం ముట్టలే. పొద్దున ఛాయ్ సుత తాగలే. మా అమ్మ గా తలుపు కాడనే కూసున్నది, కప్పు పట్టుకొని.

… ఏమైందా? ఏమైందని నన్ను అడుగుతున్నవా?

నువ్వే కదా పిలిచింది! మా క్వార్టర్‌కు వచ్చి, మా అమ్మ చేతికి కార్డిచ్చి, ‘ఆంటీ, నా మొదటి డాక్యుమెంటరీ, మీరు తప్పకుండా రావాలి’ అని. మా అమ్మ పట్టుచీర కట్టుకున్నది వంశీ. రాకేశ్ గాడు అంగి ఇస్త్రీ చేపిచ్చుకున్నడు. నా దోస్తు సినిమా అని వాని ఆఫీసు టీమోళ్ళందరిని సుత పిలిచిండు. నువ్వే తీస్కపోయి ముందట వరసల కూసోవెట్టినవు.

… ఆగు, చెప్పనీ. నువ్వు స్టేజీ మీద ఉంటివి, నీకేం కనవడ్డది? నేను వాని పక్కన ఉన్న.

తెర మీద ముందుగాల వీపు వచ్చింది. మెడ కాడికి కోసేసినట్టు… తల లేదు. గా నీలిగీతల అంగి. పంజాగుట్ట చౌరస్త దాటుకుంట పోతుండు. తర్వాత పొట్ట. తెర నిండ పొట్ట. బర్గర్ పట్టుకున్న చెయ్యి.

… మొఖం చూపియ్యలేదు, అవును. గందుకని ఎవరూ గుర్తుపట్టరనుకున్నవా?

కన్నతల్లికి మొఖం కావాల్నా వంశీ?

— లేచి నిలవడ్డది మా అమ్మ. ‘అగో, మా రాకేశ్!’ అన్నది. గట్టిగ. ఖుషీగ. కొడుకు సినిమాల పడ్డడని. నీ సినిమా అంత ఇంగ్లీషేనాయె, ఆమెకేం సమజైతది? ‘ఈ నగరానికి పట్టిన రోగం ఇదే’ అని సినిమాల ఎవరిదో గొంతు చెప్తున్నది… మా అమ్మ చెయ్యి చాపి కొడుకును చూపిస్తున్నది.

వెనక ఎవడో నవ్విండు. ఇగ అందరు నవ్విన్రు. అందరు నవ్వుతున్నరని మా అమ్మ సుత నవ్వింది.

…

ఇంక విను.



‘మనోని గురించి ఏం చెప్తున్నరు బిడ్డా’ అని అడిగింది నన్ను. మంచిగ కష్టపడతడని చెప్తున్నరమ్మా, అన్న. ఇంకేం చెప్పాలె? నువ్వు చెప్పు, ఏం చెప్పాలె?

… ఏంది? జనం ఆరోగ్యమా?

… తియ్యొద్దని ఎవరన్నరు? లావు సంగతి, షుగర్ సంగతి మా ఇంటికొచ్చి నువ్వు చెప్పాల్నా? మా నాయిన కాలి వేలు తీసేసిన నాడు దవాఖానల రాకేశ్ భుజం మీద చెయ్యేసి కూసున్నది నువ్వు కాదా? … మరి? మా నాయిననే అడిగితే అయిపోవు గద! సారయ్య ఏమన్న దాచుకునే మనిషా? కాలు చాపి చూపిస్తడు. పేరు చెప్పి మరీ చూపిస్తడు.

… అందరి కథ చెప్పాలనుకున్నవా. అయితే వాడు గట్ల ఎందుకైండో చెప్పినవా? అమీర్‌పేట్‌ల నీతోని కంప్యూటర్ కోర్సు చేసినప్పుడు ఎట్లుండె వాడు? గంత సన్నగ, నా పాత బెల్టు పెట్టుకునేటోడు. ఉద్యోగం వచ్చినంక అమెరికోళ్ళ టైముకు డ్యూటీ. క్యాంటీన్‌ల అన్నం దొరకది. లేటయినోళ్ళకు మేనేజర్ పిజ్జా తెప్పిస్తడు, తిని ఇంకో నాలుగు గంటలు కూసో అని. అది ఏది నీ సినిమాల?

… వాని ఆఫీసోళ్ళు పర్మిషన్ ఇయ్యలేదా?

… ఓ! గేటు కాడ సెక్యూరిటీ ఆపిండా నీ కెమెరాను?

మా రాకేశ్‌కు సెక్యూరిటీ లేడు కద. వాడు దొరికిండు.

… లేదు, అరుస్తలే. అరుస్తే అమ్మ వస్తది. … సరే, అరుస్తున్న! అయితే ఏంది?

ఇంకొకటి అడుగుత. సక్కగ చెప్పు. పొద్దున తలుపవతల నుంచి ఒక్కటే ముచ్చట చెప్పిండు వాడు. ‘అక్కా, రెండోది నేను తింటా అనలే’ అని. అంటే ఏంది వంశీ?

…

చెప్పు.

… వెలుతురు సరిగ్గ పడలేదా.

… గందుకని?

… ‘ఇంకో టేక్ రా మామా’ అన్నవా? నువ్వే కొనిచ్చినవా? వాడు కడుపు నిండిందనే ఉంటడు. అన్నడా లేదా?

… అన్నడు. అయినా తినిపిచ్చినవు. దేని మీద తీస్తున్నవో చెప్పకుంట. పంజాగుట్ట మీద తీస్తున్నవని వాడు అప్పుడు ఇంట్ల చెప్పిండు.

వాడు నీ కోసం తిన్నడు. తెలుసా? నీ మొదటి సినిమా కరాబు కావద్దని తిన్నడు. తెర మీదికి వచ్చేసరికి ఏమైండు? తిండి ఆపుకోలేనోడైండు. రోగమైండు.

… ఏడ్వకు. ఏడిస్తే నాకేం రాదు.

ఆ షాట్ తీసెయ్యి. గంతే. ఇయ్యాలనే.

… టేపు ఇచ్చేసినవా? ఇస్తే తెచ్చుకో. గా మీటింగ్‌ల వాళ్ళే ఉన్నరు కద, లోపలికి పోయి చెప్పు.

… ఎవరు ఒప్పుకోరు? … స్పాన్సర్లకు గా షాటే నచ్చిందా? ఎవరు నీ స్పాన్సర్లు?

… ఎవరూ? బంజారా హిల్స్‌ల సన్నగ చేసే క్లినిక్కోళ్ళా!

వాహ్. వాహ్ వంశీ. మా తమ్ముని పొట్ట వాళ్ళకు బోర్డా?

… నీ కెరీర్ ఉండాలె. వాడు మాత్రం రేపు ఏ మొఖం పెట్టుకొని ఆఫీసుకు పోవాలె? వాని టీమోళ్ళు పొద్దటి సంది మెసేజీలు పంపుతున్నరు — ‘హీరో, బర్గర్ తెస్తివా’ అని. ఫోన్ బంద్ చేసి మంచం కిందికి ఇసిరేసిండు.

…

ఏమన్నవు? మళ్ళొకసారి చెప్పు.

… తీసేస్తవా. ఒట్టేనా? … సరే. ఆ క్లినిక్కోళ్ళు పోతే పోనీ. … ఆఁ. అన్నవు కదా. నేను విన్న.

ఒక్క నిమిషం. లైన్‌ల ఉండు… తలుపు చప్పుడైంది.

రాకేశ్? … లేచినవారా? … వంశీనే. తీసేస్తా అన్నడు, ఒప్పుకున్నడు. ఇగ ఫికర్ చెయ్యకు. ముందు గా ఛాయ్ తాగు, అమ్మ—

ఏందీ?

తీసెయ్యొద్దా? … పిచ్చి లేసిందారా నీకు? పొద్దటి సంది నేను గింత లొల్లి చేస్తే, నువ్వొచ్చి తీసెయ్యొద్దంటవా?

… మెల్లగ చెప్పు. … ఆఁ… ఆఁ…

వంశీ, విను. వాడు అడుగుతుండు — నువ్వు రెండో బర్గర్ తెచ్చి వాని చేతిల పెడుతుంటే సుత కెమెరా నడుస్తనే ఉన్నదట. నీ గొంతు సుత పడ్డదట. ఉన్నదా నీ కాడ గా ముక్క?

…

ఉన్నదా లేదా?

… ఉన్నది. … ఉన్నదటరా.

వంశీ, గా ముక్క పెట్టాలెనంట. నువ్వు తినుమన్నది, వాడు వద్దన్నది, నువ్వు మళ్ళ తినుమన్నది — మొత్తం. కొయ్యకుంట. తర్వాత వాని మొఖం పెట్టాలెనంట. వాడే మాట్లాడుతడట, డ్యూటీ గురించి, పిజ్జా గురించి. పేరు చెప్పి మాట్లాడుతడట.

… ఉద్యోగం పోతదేమోరా! ఆలోచించినవా? … ఏం నవ్వుతున్నవు?

… లేదు వంశీ, నీతోని కాదు. వాడు నవ్విండు. నిన్నటి సంది ఇదే మొదటిసారి.

… నీకు భయమైతుందా? నీ మొఖం సుత కనవడ్తదనా? కనవడనీ. ఒక్కసారి ముందట వరసల కూసొని చూడు, ఎట్లుంటదో.

… నన్నేం అడుగుతున్నవు? నాకైతే నువ్వు ఈ గడప తొక్కుడే ఇష్టం లేదు. నేను ఇంకా మాఫ్ చెయ్యలే. వాడు చేస్తడో లేదో నాకు తెల్వదు.

… ఏందిరా? … ఫోన్ నీకియ్యనా? తిడతవా? … తిట్టవు. మరేం మాట్లాడుతవు?

… సరే సరే. పోతున్న, బైటికి పోతున్న. అమ్మను సుత తీస్కపోత.

వంశీ, ఫోన్ పెట్టెయ్యకు. రాకేశ్ మాట్లాడుతడు.

ఇగో. తీస్కోరా.