తేనెటీగలకు చెప్పిన పేరు

ఇంగ్లండ్ పల్లెసీమ కాట్స్‌వోల్డ్స్‌లోని ఓ పాత బంగళాకు ధర కట్టడానికి వచ్చిన ఏజెంట్, తోట చివర తేనెపెట్టెల దగ్గర ముసలి తోటమాలితో మాట్లాడుతున్నాడు.

“పెద్దాయనా, లండన్ డబ్బున్నవాళ్ళు ఇప్పుడు పల్లె బంగళాల వంక చూడట్లేదు. నలభై లక్షల పౌండ్లంటే ఏడాదిన్నరైనా పోదు. ముప్ఫైకి దించాల్సిందే.”

“దించినా పోదు సార్. మా దొర పోయిన సంగతి తేనెటీగలకి ఎవరూ చెప్పలేదు. యజమాని మారితే పెట్టె తట్టి చెప్పాలి. అందుకే కొనడానికి వచ్చిన ముగ్గురూ గేటు దగ్గర్నించే పారిపోయారు.”

“ఓస్, అంతేనా! నేను చెప్తా చూడు.”

అతను నవ్వుతూ పెట్టెను మూడుసార్లు తట్టాడు.

“అమ్మా తేనెటీగలూ, నా పేరు క్రిస్పిన్ వేల్. మీ దొర పోయాడు. ఇల్లు చేతులు మారుతోంది.”

ఝుంకారం ఠక్కున ఆగిపోయింది.

“అయ్యో, మీ పేరెందుకు చెప్పారు?”

“పేరు చెప్పుకోకుండా ఏ గుమ్మంలోనూ నోరు విప్పను. ఇరవయ్యేళ్ళ అలవాటు. ఏం, కొంప మునిగిందా?”

“వాటికి చెప్పేది కొత్త యజమాని పేరొక్కటే.”

అతను గేటు వైపు చూశాడు. తన తెల్ల కారు తలుపుల నిండా తేనెటీగలు నల్లగా కదులుతున్నాయి.

తోటమాలి టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

“చలిగా ఉంది. మీ గదిలో చలిమంట వెయ్యమంటారా, దొరా?”