హస్తిమల్ బ్లేడ్‌లో వజ్రాలు

హలో, వినిపిస్తోందా అండీ? జాలోర్ రాళ్ల బజారు ముచ్చట ఒకటి చెబుతా. జోధ్‌పూర్ ఇసుకరాయి మానేసి, గ్రానైట్ కోత మొదలుపెట్టిన హస్తిమల్, పనివాడు ఘేవర్‌ని దొంగవని గెంటేసి, పాత బ్లేడ్ పట్టుకుని, కోత బ్లేడ్లమ్మే తన బావ కొట్టుకి వచ్చాడు.

“చూడు బావా, పళ్లలో వజ్రప్పొడంతా ఘేవర్ గీకేశాడు. రాయి తెగట్లేదు, ఉత్తినే రుద్దుతోంది.”

“లోపలే ఉందిరా. ఇది ఇసుకరాయి బ్లేడ్, వజ్రాల్ని పట్టుకున్న లోహం గట్టిది. గ్రానైట్‌కి మెత్తని లోహం కావాలి.”

“గట్టి రాయికి మెత్తదా? కచోరీ తినిపించి నన్ను పిచ్చోణ్ణి చెయ్యకు.”

“చెక్కకుండా పెన్సిల్ ములుకు బయటికొస్తుందా? లోహం అరిగితేనే కొత్త వజ్రం తేలుతుంది. ఇసుకరాయి అరగదీస్తుంది, గ్రానైట్ అంత అరగదీయదు. పై వజ్రాలు మొండిబోయాయి, అంతే.”

“నా బుర్ర తిరుగుతోంది.”

“పెరట్లో కోత మిషనుంది, మీ జోధ్‌పూర్ రాయీ ఉంది, ముందు దాన్ని కొయ్యి.”

కోశాడు. తర్వాత గ్రానైట్ పెడితే బ్లేడ్ చర్రున దిగింది.

“అంటే... ఎవరూ గీకలేదా?”

“లేదు. కానీ ఇది మళ్లీ మొండిబోతుంది. మెత్త లోహం బ్లేడ్ తీసుకెళ్లు.”

“అది పెడితే ఘేవర్ వస్తాడా?”

“బ్లేడ్ నేనిస్తా. ఘేవర్ గుమ్మం నువ్వే తొక్కాలి.”

హస్తిమల్ రెండు బ్లేడ్లూ అక్కడే మర్చిపోయి, బండెక్కి ఘేవర్ ఇంటి దారి పట్టాడు.

మీకు తెలిసిన కోత మిల్లుల వాళ్లకి ఇది పంపండి. ఎక్కడో ఒక ఘేవర్ పని నిలబడుతుంది.