తెరకు పట్టని మామ

ఏం మామా, నువ్వేమో హాయిగా నవ్వతాండావు, ఈడ లారీలు తూచే మన కాటా మూతపడేట్టుంది!

అంతా నీ ఫోటో వల్లనేనంట. నేను కాదు అనేది. మన కాటాకు జావా ప్రోగ్రాము రాసిచ్చిన ప్రొద్దుటూరు జాన్సన్ అన్నాడు. దాంట్లో ఎంత సరుకుంటే విండో అంత సాగుతాదంట. పైన నువ్వు ఇంతెత్తున కూర్చుంటివి. తూకం అంకెలు నీ కిందికి పాయె. చీటీ కొట్టే బటను తెర దాటి యాడికో దిగిపాయె. ఇంక నేనేం నొక్కల్ల?

పాత తెర పెద్దది, అన్నీ పట్టినాయి. అది కాలిపోయినాక చిన్నది తెస్తిమి, అదీ తంటా.

ఊళ్లో అందరూ పోయినోళ్ల పటానికి దండేసుకుంటారు. మన సంఘంలో ఒప్పుకోరు కదా! కంప్యూటరులో పెడితే పాస్టరయ్య ఏమంటాడు, అది ఆఫీసు సామాను. అందుకే జాన్సన్ వద్దంటాన్నా వినకుండా, నా మొగుని మీసం కూడా కనపడల్లని పెద్దగా పెట్టిస్తి. నా తెలివి అట్లా ఏడ్చింది.

పాపం, పొద్దున్నుంచి ఆ పిల్లోడు చెయ్యనిది లేదు. విండోను ఇంతేనని కట్టేస్తే నీకు గొంతు తెగిపాయె. అణగ్గొడితే మొగం గుమ్మడికాయంత వెడల్పాయె. చిన్నది చేస్తే సరిపోదా అంటావా? చేసినాడు. అద్దాలు పెట్టుకున్నా నువ్వని తెలీలేదు, ఎవరో పింఛను ముసిలాయన! పక్కన పైకీ కిందికీ జరిపే పట్టీ పెట్టినాడు. బటను దొరికింది గానీ, లోడు లోడుకూ నిన్ను పైకి పంపల్లంటే నాకు చెయ్యాడలేదు.

అవతల గఫూర్ అరటి లారీలు నిలబడి నిలబడి పక్క కాటాకు పోయినాయి. అవి అట్నే అలవాటు పడితే మనం తలుపేసుకునేదే.

ఇందాక నువ్వు లేకుండా తెరిచి చూపించినాడు మామా. అంకెలు, బటను, అన్నీ కనపడినాయి. ఇంకా జాగా మిగిలింది. ‘ఎంత బాగా సరిపోయిందో చూడు ప్రేమక్కా’ అన్నాడు. నువ్వు లేకుండా అంత బాగా సరిపోయిందే, దానికే నాకు శానా ఏడుపొచ్చింది. టీ తాగిరా పోప్పా అని బయటికి పంపించి, మళ్లా నిన్ను తెరిచి కూర్చున్నా.

ఏది నొక్కితే నువ్వు పోతావో చూపించే పోయినాడు. వానితో తీయించను. ఆ పొద్దు నీ మీద మొదటి పిడికెడు మన్ను నాతోనే ఏయించిరి. ఇది కూడా నేనే నొక్కుతా, ఏం చేస్తాం.