సగంలో ఆపిన పాట

అరకు కాలేజీలో సెర్బియా బొమ్మల సినిమా అవుతుండగానే సోములమ్మ మేనకోడలిని బయటికి లాక్కొచ్చింది. తెర మీంచి వినిపించిన పాట సోములమ్మ గొంతే.

“సచ్చినోళ్లకి పాడే పాటని సినిమావోళ్లకి ఇచ్చీసినావేటే, గుంటా?”

“ఆల్లు అడిగితే, నువ్వు పాడతన్నప్పుడు ఫోన్లో రికార్డు సేసింది పంపినానత్తా. మనిషి మిషనైపోయే సీనుకి పెట్టారు.”

“ఆడు సచ్చిపోనాడా?”

“నేదు. ఒళ్లంతా ఇనుమైపోనాది. ఆకలెయ్యదు, కన్నతల్లిని గుర్తుపట్టడు.”

“మరి పాట మజ్జిలో కోసీసినారేటి? సగంలో ఆపితే పేణం ఎటూ పోక ఇక్కడిక్కడే తిరుగుతాదని నీకు సెప్పనేదా?”

“సినిమా కథా అదేనత్తా. ఆడు సావనేడు, బతకనేడు.”

సోములమ్మ ముక్కుపుటాలు అదిరాయి.

“తల్లి సూత్తుండగా అలాగ ఒగ్గీసినారా? తియ్యి ఫోను! మిగతా సగం పాడతాను, బేగి పంపు. బొమ్మయితే మాత్రం, ఆడికి దిక్కు నేదేటి?”