ప్రార్థన బెల్లం

చోడవరం. శనివారం మధ్యాహ్నం. వంటగదిలో తల్లి రాజులమ్మ బెల్లం కొడుతోంది. విశాఖపట్నంలో నర్సుగా చేస్తున్న కూతురు షర్మిల బస్సు దిగొచ్చి, స్నానం చేసి గుమ్మంలో నిలబడింది.

“బ్యాగంతా ఎతికేను. నీ తెల్లసీర ఏదే?”

“నా బ్యాగు ఎందుకు తీసేవమ్మా?”

“ఇస్త్రీ సేద్దారని. రేపు మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, రొట్టి ఇస్తారు కదా. అందరూ తెల్లసీరలే కడతారు. ఏదీ?”

“తేలేదు.”

“మర్సిపోయేవా?”

“మర్చిపోలేదు. తేలేదు.”

“పోన్లే, నాది కట్టుకుందువు. జాకెట్టు ఒక కుట్టు ఏస్తే సరిపోద్ది.”

“అమ్మా, నేను రేపు చర్చికి రాను.”

“ఒంట్లో బాగోనేదా?”

“బాగానే ఉంది. మూడున్నర బస్సుకి ఎల్లిపోతాను.”

“ముందు ఒక్కదగ్గర కూకో. అటూ ఇటూ తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతన్నాయి. ఇదిగో పీట.”

“కూచోలేనమ్మా.”

“మీ నాన్నొచ్చేదాకైనా ఉంటావా? షామియానా కట్టిస్తన్నాడు అక్కడ. సంఘం పెట్టి ఇరవై అయిదేళ్ళు, దేవుడు సేసిన మేలుకి నా కూతురు సాక్ష్యం సెప్తాదని కనపడ్డోలందరికీ సెప్పుకుంటన్నాడు.”

“అది చెప్దామనే వచ్చేను. సాక్ష్యం నేను చెప్పను. రేపే కాదు, ఇంక రానే రాను. నాకు ఆ నమ్మకం లేదమ్మా. పోయింది.”

“ఏటి పోయింది?”

“విన్నావు కదా.”

“ఎవడైనా ఉన్నాడేటి?”

“ఎవడూ లేడు.”

“హిందువుల గుంటడైతే సెప్పేయ్. మీ నాన్నతో నేను మాటాడతాను.”

“ఎవడూ లేడంటన్నాను కదా. ఏ గుళ్ళోనూ చేరలేదు. ఊరికే పోయింది. ఆ బెల్లం ఒక ముక్కిటివ్వు, పొద్దుట్నుంచి ఏం తినలేదు.”

“అది ముట్టుకోకు.”

“ఏం?”

“అది పక్కీధి సంధ్యారాణి కూతురికి. చిన్నారికి. నీకు డబ్బాలో ఉంది, తీసుకో.”

“డబ్బాలోదీ ఇదీ ఒకటి కాదా?”

“డబ్బాలోది తినమంటన్నాను కదే.”

“వద్దులే. బెల్లం చూస్తేనే మోకాళ్ళ మీద కూచోవాలనిపిస్తాది. రాత్రి ప్రార్థనవ్వగానే ఒక ముక్క నోట్లో పెట్టేదానివి. ప్రార్థన బెల్లం అనేదాన్ని. అదీ చేదు. పాకం మాడిందనేదానివి.”

“ఇప్పుడా సంగతెందుకు?”

“నాకు నమ్మకం ఎందుకు పోయిందో అడగవా?”

“అడిగితే ఉంటావా, సెప్పేసి ఎల్లిపోతావా?”

“పోయిన నెల మా వార్డుకి ఒక పాపొచ్చింది. నాలుగేళ్ళు. ఫిట్స్ ఆగట్లేదు. మందులేం వాడుతున్నారమ్మా అంటే, ఆపేసేం, ప్రార్థన చేయించేం అంది వాళ్ళమ్మ. కాళ్ళు నేనే పట్టుకున్నాను. సాయంత్రానికి పోయింది.”

“అయ్యో తండ్రీ.”

“వాళ్ళమ్మ చెంప పగలగొట్టాలనిపించింది. అప్పుడు నువ్వు గుర్తొచ్చేవు.”

“నేనేటి సేసేను?”

“ఏటి చేసేవా? నాకప్పుడు అయిదేళ్ళు. నా ఫిట్స్ మందు సీసాని నలభైమంది చూస్తండగా చర్చి గోడకేసి కొట్టేవు. ఇరవై రెండేళ్ళుగా ఆ కథే చెప్తన్నావు. మందు పారేసేను, దేవుడు నా బిడ్డని నిలబెట్టేడు అని. నువ్వు చెప్తుంటే నేను పక్కన చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడేదాన్ని. నిలబెట్టకపోతేనో? అప్పుడేం చేసేదానివమ్మా?”

“పాస్టరు అయ్యగారు పారెయ్యమననేదు.”

“మరి?”

“విశ్వాసం ఉన్నోలకి ఏటి తక్కువ అన్నారంతే. అందరూ నా సేతిలో సీసా కేసి సూసేరు. ఆరోజు మీ నాన్న తాగొచ్చి ఎనకాల కూకున్నాడు. ఆయనా సూసేడు.”

“అందరూ చూసేరని పారేసేవా?”

“సీసా పగిలిన సప్పుడికి మీ నాన్న ఏడిసేడే. పెళ్ళయ్యేక ఆయన ఏడవడం అదే సూడ్డం. మళ్ళీ సుక్క ముట్టనేదు.”

“అంటే నాన్న తాగుడు మానడానికి నా పేణం పందెం కాసేవు.”

“కూకోవే. కాళ్ళు పీకుతాయి.”

“మాట మార్చకు. నిన్న పరదేశి ఫోన్ చేసేడు నాకు, సంధ్యారాణి మొగుడు. నీ సాక్ష్యం అవ్వగానే మా చిన్నారి ఫిట్స్ మందులు కూడా అయ్యగారి కాళ్ళ దగ్గర పెట్టేస్తాం అక్కా అన్నాడు. ఎంత సంతోషంగా చెప్పేడో తెలుసా? నన్ను చూపించి ఆ గుంటని చంపేస్తారమ్మా.”

“తెలుసు.”

“తెలిసే నన్ను రమ్మన్నావా?”

“తెలిసే రమ్మన్నాను.”

“ఇంకేం మాటాడతాను నీతో. ఇదిగో, నాన్నే ఫోన్ చేస్తన్నాడు.”

“ఎత్తకు.”

“రానని చెప్పేస్తాను.”

“ఎత్తకే, నీకు దణ్ణం పెడతాను. ఆ సీసా ఖాళీది.”

“ఏ సీసా?”

“నేను గోడకేసి కొట్టింది. మందు ముందురోజే అయిపోయింది. చర్చి అయ్యేక కొత్తది కొందారని, షాపోడికి సూపించడానికి సంచిలో ఏసుకెల్లేను. అందరూ సూసేసరికి ఏటి సెయ్యాలో తోసనేదు, ఇసిరేసేను. అట్నుంచటే మందుల షాపుకెల్లేను. సిరప్పయితే సీసా ఇంట్లో కనపడతాది కదా, బిళ్ళలిమ్మన్నాను. మూడేళ్ళు నూరి పెట్టేను నీకు.”

“బెల్లంలో.”

“ఊఁ. పాకం ఏనాడూ మాడనేదు.”

“నాన్నకి తెలుసా?”

“తెలిస్తే మళ్ళీ తాగుతాడని బయం. అయ్యగారికి సెప్దారని రెండుసార్లు గుమ్మందాకా ఎల్లేను. అప్పటికే మా కథ విని పదకొండు కుటుంబాలు సేరేయి. తిరిగొచ్చేసేను.”

“మరి నీకు నమ్మకం ఉందా, లేదా?”

“ఉంది. బయమూ ఉంది. బిళ్ళ నూరినంతసేపూ ప్రార్థన సేసేదాన్ని. నీకు నయం సేసింది ఆయనో బిళ్ళో నాకు తెలీదు. అబద్దమాడింది మట్టుకు నేనే. అందుకే బల్ల ముట్టను.”

“బల్ల ముట్టకపోవడమేటి? మొదటి ఆదివారం చిన్నపిల్లల్ని ఆడించడానికి కదా నువ్వు బయటికెల్లేది?”

“రొట్టి పళ్ళెం మన వరసకి వచ్చే ఏలకి లేచొచ్చేస్తాను. ఇరవై రెండేళ్ళయింది. సంఘంలో ఎవలూ సూడనేదు. నా పక్కనే కూకున్న నువ్వూ సూడనేదు.”

“అమ్మా.”

“నువ్వు రాకపోతే రాకు. షర్మిలకి జెరం తగిలిందని సెప్తాను మీ నాన్నకి.”

“మళ్ళీ అబద్ధమా?”

“అలవాటే కదా.”

“నీ కథ విని ఇంకెవరో, మనకి తెలీనోళ్ళు, నిజంగా నిండు సీసా పారేసుంటే? ఎంతమందికని బెల్లం పెడతావమ్మా?”

“ఆ మాట రోజూ అనుకుంటాను. నిన్ను పోయిన నెల ఏడిపించిన ఆ పాప తల్లి ఏ ఊరిదో అడగాలంటే నోరు రాటంనేదు నాకు.”

“మన ఊరు కాదు. దూరం.”

“నిజమేనా?”

“నిజమే. ఏడవకు. ఇటు జరుగు, నేనూ కూచుంటాను. సంధ్యారాణికి మనం చెప్పాలమ్మా, మందు ఆపొద్దని.”

“సెప్పేసేను. రేపు అయ్యగారి కాళ్ళ దగ్గర పెట్టేవి ఖాళీ షీట్లే. బిళ్ళలు తీసి నాకిచ్చేసింది. ఇంట్లో పరదేశి ఇప్పట్నుంచే ఇయ్యనివ్వడు. రోజూ సాయంత్రం చిన్నారిని ఇక్కడికి పంపిస్తాది, ఆడుకోడానికని.”

“అందుకా ఆ బెల్లం ముట్టుకోవద్దన్నావు?”

“నిన్న పావు ఏసేను. సాలదేమోనని బయం, ఎక్కువైనా బయం. డాక్టరు రాసిన కాయితం పరదేశి సింపేసేడు, ఇన్నాళ్ళూ బిళ్ళ ఏసింది ఆడే, సంధ్యారాణికి ఎంతెయ్యాలో తెలీదు. ఊళ్ళో షాపులో అడిగితే చీకటి పడేలోగా అందరికీ తెలిసిపోద్ది. నిన్ను రమ్మన్నది సాక్ష్యానికి కాదే. ఇదిగో బిళ్ళలు. నిన్న కాటా మీద నిలబెట్టేను, పదమూడు కేజీలుంది గుంట. సగం ఎయ్యాలా, పావు సాలా?”